పండుగొప్ప మెచ్చని ఎర

పండుగొప్ప చేపకి ఎర కట్టడం అందరికీ రాదు. బతికున్న రొయ్యని గాలానికి గుచ్చి వదిలితే అదే వచ్చి మింగుతుంది కదా అనుకుంటారు తెలియనివాళ్ళు. దాన్ని మింగేది పండుగొప్ప కాదు, జెల్ల చేపలు. గౌతమి గోదావరి సముద్రంలో కలవబోయే ముందు మడ చెట్ల మధ్య పాయలు పాయలుగా చీలుతుందే, అక్కడి నీళ్ళలో రాత్రిపూట జెల్లల గోల అంతా ఇంతా కాదు. వాటిని తప్పించి పెద్ద చేప ఒక్కదాన్నే పిలవాలంటే ఉత్తుత్తి ఎర కావాలి. జీలుగ బెండుతో వేలెడంత చేపని చెక్కి, పుంజు ఈకలు తోకగా కట్టి, కడుపు కింద గాలం దాచి, నీళ్ళలో ప్రాణమున్నదానిలా ఆడించాలి. పండుగొప్ప కింద నుంచి చూస్తుంది. నమ్మితే నోరు తెరుస్తుంది. నమ్మకపోతే తన దారిన తను పోతుంది.

ఆ నమ్మించే ఎరని పేట మొత్తం మీద కట్టగలిగింది లోవలక్ష్మి. ఆడించగలిగింది ఆమె మొగుడు వీరాస్వామి. తక్కినవాళ్ళంతా వలల వాళ్ళే. ఒక చేప పడిందంటే అందులో సగం నాది అని ఆమె, ముప్పాతిక నాది అని అతను, అయితే ఒండిపెట్టే నాకేం మిగిలిందర్రా అని అత్త మరిడమ్మ, ఇలా పాతికేళ్ళు నవ్వులాటగానే గడిచింది.

అలాంటిది, పెద్ద తుఫాను వచ్చి వెళ్ళిన మూడో ఏడు, వినాయక చవితి దాటిన దగ్గర్నుంచి పండుగొప్ప ఆమె ఎరల్ని మెచ్చడం మానేసింది.

మొదటి రోజు వీరాస్వామి నవ్వుతూనే చెప్పాడు, చేపకి నోరు పెరిగిందని. వారం గడిచాక నవ్వలేదు. దసరా వెళ్ళిపోయాక ఒక పొద్దున్న నావ దిగి వచ్చి, బుట్ట అరుగు మీద పెట్టి, కార్తీకం వెళ్ళేలోగా చేప పడకపోతే గాలం చూరులో దోపేస్తానన్నాడు. భీమవరం నుంచి వచ్చిన విశ్వనాథరాజు గారని ఒక ఆసామీ ఊరి వెనక పొలాలు తీసుకుని రొయ్యల చెరువులు తవ్వించారు. కాపలాకి మనిషి కావాలని కబురు పెడుతున్నారు. అక్కడికి పోతానన్నాడు.

లోవలక్ష్మి ఖాళీ బుట్ట తీసి లోపల పెట్టింది. పదమూడో ఏట తండ్రి చేతిలోంచి గాలం దారం అందుకున్న మనిషి అతను. పెళ్ళిచూపుల్లో ఆమె ముందు అతను మాట్లాడిన మొదటి మాటే పోటు ఎప్పుడు తిరుగుతుందన్న సంగతి. చెరువు గట్టు మీద టార్చిలైటు పట్టుకుని కొంగల్ని తోలే వీరాస్వామి ఎలా ఉంటాడో ఆమెకు ఊహకి అందలేదు. ఎరలో లోపముంటే తను దిద్దుకోవాలి, కార్తీకం వెళ్ళేలోగా దిద్దుకోవాలి, అంతే అనుకుంది.

* * *

ఆమెది ఉప్పాడ. పుట్టిన ఇల్లు ఇప్పుడు లేదు. ఏటా కొంత కొంత కోసుకుంటూ వచ్చి ఆఖరికి వంటింటితో సహా సముద్రం లోపలేసుకుంది. వాళ్ళ వీధికి వెనకాల నేతగాళ్ళ ఇళ్ళుండేవి. చిన్నప్పుడు మగ్గాల కింద రాలిన జరీ పోగులు ఏరుకొచ్చి బొమ్మల జడలకి చుట్టేది. కాపురానికి వచ్చేటప్పుడు ఒక పౌడరు డబ్బాలో ఆ పోగులు కూడా తెచ్చుకుంది, ఎందుకో తనకే తెలియకుండా.

అప్పట్లో ఎరలు మామగారు కట్టేవాడు. బెండు, ఈక, అంతే. ఒక మాఘమాసం వెన్నెల్లో వరసగా అయిదు రాత్రులు చేప పడకపోతే, కొత్త కోడలు ఊరుకోలేక ఒక ఎర పొట్టకి వెండి జరీ నాలుగు చుట్లు చుట్టి ఇచ్చింది. చేపకి పెళ్ళి చేస్తావా ఏంటే అని వీరాస్వామి ఎగతాళి చేశాడు. ఆ రాత్రే మోకాలి ఎత్తు పండుగొప్పని భుజం మీద వేసుకొచ్చాడు. వెన్నెల్లో కొయ్యింగ చేపపిల్ల పక్కకి తిరిగితే పొలుసు ఎలా తళుక్కుమంటుందో, జరీ అలా మెరిసిందట. మామగారు ఆ ఎరని చాలాసేపు తిప్పి తిప్పి చూసి, మర్నాటి నుంచి బెండు ముక్కలూ చాకూ కోడలి ముందు పెట్టాడు.

ఎరలకి పేర్లు పెట్టింది వీరాస్వామి. అన్నీ పందెం పుంజుల పేర్లే. నల్ల ఈకలు కట్టింది కాకి. తెల్లది సేతువ. ఎర్రది డేగ. పసుపు కలిసింది నెమలి. ఏ తిథికి ఏ రంగు పుంజు గెలుస్తుందో పందెగాళ్ళు లెక్కలు కట్టినట్టే, సాయంత్రమయ్యేసరికి మొగుడూ పెళ్ళాలు అరుగు మీద కూర్చుని ఆ రాత్రికి ఏ ఎరో తేల్చేవాళ్ళు. చీకటి రాత్రికి కాకి. ఇదేం విడ్డూరం, చీకట్లో నల్లది ఎలా కనిపిస్తుందని మొదట్లో ఆమె వాదించింది. చేప పైకి చూస్తుంది, చుక్కల వెలుగు మీద నల్లటి నీడే తెలుస్తుందని అతను చెప్పాడు. వెన్నెలకి జరీ చుట్టిన సేతువ. శ్రావణంలో వరద ఎర్రనీరు వచ్చినప్పుడు ఏ రంగూ పనికిరాదు, అప్పుడు చప్పుడు కావాలి. బెండుకి తొలిచి రెండు ఇసక గింజలు వేసి మైనంతో మూస్తే డేగ గలగలలాడుతూ పోయేది. చలికాలం నీళ్ళు తేటపడ్డాక చేపకి అనుమానం ఎక్కువ, అప్పుడు చిటికెన వేలంత నెమలి చాలు, అదీ నెమ్మదిగా.

అతను గాలం కర్ర వాడడు. టంగీసు నైలాను దారం చూపుడు వేలి మీదుగా వదిలి, ఆ వేలితోనే ఎరని ఆడిస్తాడు. పండుగొప్ప ఎరని కొరకదు, నీళ్ళతో పాటు లోపలికి పీలుస్తుంది. మోసమని తెలిసిందా, రెప్పపాటులో ఉమ్మేస్తుంది. ఆ రెప్పపాటులోనే వేలికి జిల్లుమని తెలియాలి, చెయ్యి లాగాలి. వేలే నా చెవి అనేవాడు వీరాస్వామి.

* * *

ఆ చేతికి పేటలో పెద్ద పేరుండేది. దాన్ని పెట్టినవాడు బుల్లబ్బాయి, పక్కింటివాడు, వలల మనిషి, నోరు మూతపడని మనిషి. తుఫాను తర్వాత ఏడాది ఒకసారి నావలో మండపీత కట్టు తెంచుకుని వీరాస్వామి చిటికెన వేలు పట్టుకుంది. ఇంకొకడైతే గోల గోల చేసేవాడు. వీరాస్వామి మాట్లాడుతున్నవాడు మాట్లాడుతూనే ఉన్నాడు. ఎదుటివాళ్ళు కేకలేస్తే అప్పుడు చూసుకుని, పీత డెక్క విరిచి అవతల పారేశాడు. వేలు ఎముకదాకా తెగింది. బుల్లబ్బాయి ఆ సంగతి రేవంతా చాటాడు. మా అన్నది చెయ్యి కాదర్రా, కాలవ లాకు తలుపు అన్నాడు. ఆ మీదట పొయ్యిలోంచి నిప్పు తీసి బీడీ ముట్టించుకోవడం, గాలం గుచ్చుకుంటే నవ్వుతూ ఊడబెరుక్కోవడం, అన్నీ కథలైపోయాయి. కుర్రకారు పందెం వేసి మరీ చేయించుకునేవాళ్ళు. లోవలక్ష్మికి లోపల కొంచెం గర్వంగానే ఉండేది. నీళ్ళకాడ రేవులో ఆడవాళ్ళు ఆ మాట ఎత్తితే, ఏముందిలే అంటూనే మళ్ళీ మొదట్నుంచి చెప్పించుకునేది.

ఆ రోజుల్లోనే ఇంటింటికీ తిరిగి చూసే నర్సమ్మ ఒకావిడ వచ్చింది. దుర్గాశ్రీ అని పేరు, చిన్నపిల్ల, ఎండలో గొడుగేసుకుని సైకిలు నడిపించుకుంటూ వచ్చింది. ఇంట్లో ఎవరికైనా ఒంటి మీద తెల్లగా మచ్చలున్నాయా, గిల్లితే తెలియకుండా ఉంటాయి, అని అడిగింది. వీరాస్వామికి మోచేతి కింద ఒక మచ్చ ఉంది. రూపాయి బిళ్ళంత, పాలిపోయి. ఉప్పునీళ్ళలో బతికే మనిషికి శోభి రాకపోతే ఏమొస్తుంది? శోభి మచ్చ ఒకటుందండి, ఇంకేం లేదు, అంది లోవలక్ష్మి. ఒకసారి ఆయన్ని చూపిస్తారా అండి, అంది నర్సమ్మ. నావ మీద ఉన్నాడని చెప్పింది. నిజానికి అతను పెరట్లో దారానికి ముళ్ళు విప్పుకుంటున్నాడు. ఆడపిల్ల ముందు చొక్కా విప్పించడం ఎందుకులే అని అలా అనేసింది. నర్సమ్మ గుమ్మం మీద సుద్దతో ఏదో గీత గీసి వెళ్ళిపోయింది. మర్నాడు మరిడమ్మ గుమ్మం కడిగినప్పుడు ఆ గీత పోయింది.

* * *

చేప మెచ్చని ఆ రెండు నెలల్లో లోవలక్ష్మి కట్టినన్ని ఎరలు అంతకు ముందు రెండేళ్ళలో కట్టలేదు. తోక పొడవు తగ్గించింది. బెండు అరగదీసి సన్నం చేసింది. ఎప్పటి నుంచో దాచుకున్న బంగారు జరీ కూడా తీసింది. కాకికి కాటుక రాసింది. ప్రతి పొద్దున్నా అతను ఎర తెచ్చి ఆమె ముందు పడేసేవాడు, ముట్టను కూడా ముట్టలేదని. ఎరలు మాత్రం పాడైపోయి వచ్చేవి. బెండు గరుకు దేలి, ఈకలు నలిగి ఉండేవి. ఇదేంటి మావా అంటే, మడ చెట్ల వేళ్ళకి రాసుకుంటోందే అనేవాడు.

మనిషి చిరాకు మనిషైపోయాడు. అన్నం ముద్ద జారితే కంచం మీద కోపం. చొక్కా బొత్తాం పట్టకపోతే చాకలి మీద కోపం. కార్తీక పున్నమి రాత్రి ఖాళీ చేతులతో వచ్చి, అతి మంచి సేతువని, పెళ్ళిచీర జరీ చుట్టి కట్టినదాన్ని, గోడకేసి కొట్టి, “నీ చెయ్యి చచ్చిందే” అన్నాడు.

పాతికేళ్ళలో అతని నోట అలాంటి మాట ఆమె వినలేదు. వంగి ఎర తీసుకుని ఊడిన ఈకలు సర్దుకుంటూ ఉండిపోయింది. ఆ రాత్రి తన వేళ్ళని దీపం దగ్గర పెట్టుకుని చూసుకుంది కూడా, నిజంగా ఏమైనా అయిందేమోనని.

తప్పెక్కడుందో తన కళ్ళతో చూస్తే గానీ దిద్దలేనని ఆమెకి అప్పుడే అనిపించింది. అమావాస్య ముందు రోజు సాయంత్రం, నేనూ నావలో వస్తానంది. అతను ఒప్పుకోలేదు. గాలం మీదికి ఆడవాళ్ళు రావడం ఎక్కడుంది అన్నాడు. లోపల్నుంచి మరిడమ్మ, “దాని ఎర ఎలా ఆడుతుందో అది చూసుకోవద్దట్రా?” అనేసరికి ఏమీ అనలేక తెడ్డు భుజాన వేసుకుని నడిచాడు. రెండు రోజులైతే కార్తీకం వెళ్ళిపోయి మార్గశిరం వస్తుందనగా జరిగిన సంగతి ఇది.

సముద్రం పాటు అయిపోయి నీళ్ళు నిలబడిన వేళకి పాయ మొగలోకి చేరారు. ఆమె వెనక కూర్చుని తెడ్డుతో నావని నిలిపింది. లాంతరు మీద గోనెసంచి కప్పి, కింద ఒక చార వెలుగు మాత్రం వదిలారు. మడ ఆకుల మీద మిణుగురులు తప్ప ఇంకో వెలుగు లేదు. అతను కాకిని కట్టాడు. ముడి వెయ్యడానికి మూడుసార్లు పట్టింది. చివరికి పళ్ళతో బిగించాడు. విసరడం మాత్రం ఎప్పటిలాగే, చెట్టు నీడ అంచుకి వేసినట్టే పడింది.

ఎర బాగా ఆడుతోంది. చీకట్లో కనబడకపోయినా నీళ్ళ మీద సన్నటి గీత చెప్తోంది. పోటు మొదలైంది. నీళ్ళు లోపలికి మళ్ళుతున్నాయి.

టప్పుమని చప్పుడైంది, తడి చేత్తో ఎవరో తలుపు తట్టినట్టు. అతని కాళ్ళ దగ్గర చుట్టిన దారం రెండు చుట్లు దానంతటదే విప్పుకుంది. లోవలక్ష్మి తెడ్డు ఆపింది. అతను లాగలేదు. కావాలని చేపకి వదులు ఇస్తున్నాడనుకుంది. దారం వదులైంది. అతను ఇంకా ఎరని ఆడిస్తూనే ఉన్నాడు.

కాసేపటికి దారం చుట్టుకుంటూ, “సూశావా, ముట్టలేదు,” అన్నాడు.

రెండోసారి విసిరినప్పుడు ఆమె సంచిని పాదంతో కొంచెం పక్కకి జరిపింది, చార వెలుగు అతని చేతి మీద పడేలా. మళ్ళీ ఆ చప్పుడు. దారం బిర్రబిగిసి చూపుడు వేలి కణుపులోకి దిగబడి, సర్రున రాసుకుంటూ పోయింది. అతని మొహంలో ఏ మార్పూ లేదు. వెళ్ళిపోయిన పంటు కోసం రేవులో నిలబడి ఇంకా ఎదురుచూసే మనిషిలా, నీళ్ళ వైపు చెవి పెట్టి కూర్చున్నాడు.

“మావా, వేలు,” అంది.

అతను వంగి వెలుగులో చూసుకున్నాడు. వేలి మీద నుంచి రక్తం దారం వెంట నడిచి బొట్లుబొట్లుగా నావలో పడుతోంది.

“మడ వేరు గీరుకుందేమో,” అన్నాడు.

నావ పాయ నడిమధ్యన ఉంది. చేతికందే దూరంలో వేరూ లేదు, కొమ్మా లేదు. ఆమె తెడ్డు తిప్పి నావని ఇంటి మొహం పట్టించింది.

* * *

తెల్లారాక అతను నడుం వాల్చాడు. లోవలక్ష్మి చూరు కింద బుట్ట దించి, రెండు నెలల ఎరలన్నీ చాప మీద పరిచింది. వేరుకి రాసుకుంటే ఒక వైపే గీరుకోవాలి. ఇవి రెండు వైపులా, పైనా కిందా, గరుకు కాగితంతో పట్టి రుద్దినట్టున్నాయి. పండుగొప్పకి కత్తుల్లాంటి పళ్ళుండవు, నోరంతా ఆకురాయిలా ఉంటుంది. ఆ నోట్లోకి వెళ్ళి వచ్చిన ఎర ఎలా ఉంటుందో ఆమెకు పాతికేళ్ళుగా తెలుసు. కాకి వెళ్ళి వచ్చింది. సేతువ వెళ్ళి వచ్చింది. బంగారు జరీది వెళ్ళి వచ్చింది. చేప మెచ్చని ఎర ఆ చాప మీద ఒక్కటి కూడా లేదు.

పాత కాకి ఒకటి చేతిలోకి తీసుకుని అతని పక్కన కూర్చుంది. వెల్లకిలా పడున్న అరచేతి మీద ముందు ఈకతో రాసింది. తర్వాత గాలం మొనతో చిటికెన వేలు కొసన తాకింది. కొంచెం నొక్కింది. పక్క వేలు. ఆ పక్క వేలు. చూపుడు వేలు.

“ఏం చేస్తున్నావే?” అన్నాడు. నిద్రపోవడం లేదు. కళ్ళు మూసుకునే ఉన్నాడు.

“నువ్వే చెప్పు.”

“ఈకతోనా, గాలంతోనా?” అన్నాడు.

చూపుడు వేలి కొసన ఎర్రగా ఆవగింజంత చుక్క నిలిచి ఉంది. ఆమె కొంగుతో అద్దింది.

“ఎప్పట్నుంచి మావా?”

“తుఫాను ఏడాది చలికాలం. ముందు చిటికెన వేలు పోయింది. తర్వాత పక్కది. చూపుడు వేలు మాత్రం మొన్నమొన్నటిదాకా ఉందే. అదొక్కటీ ఉంటే చాలనుకున్నాను.”

మచ్చ ఏమిటో కూడా అతనికి తెలుసు. అతని మేనత్త ఒకామె పెద్ద రోగంతో, అంటే కుష్టుతో, ఊరవతల పాకలో పోయింది. అన్నం దూరం నుంచి పెట్టేవారు. కూతురు నీలవేణిని తాళ్ళరేవు ఇచ్చి రెండేళ్ళే అయింది, ఇంకా కడుపు పండలేదు. ఈ మాట పొక్కితే అల్లుడి వాళ్ళు పిల్లని పుట్టింటికి తోలేస్తారని అతని భయం. అందుకని పీత కరిచినప్పుడు నవ్వాడు. లాకు తలుపు అంటే అవునన్నాడు. నిప్పు పట్టుకోమంటే పట్టుకున్నాడు. అందరూ మెచ్చుకుంటుంటే దాచడం తేలికైపోయిందన్నాడు.

“ఆ నర్సమ్మ అడిగితే శోభి అన్నది నేను కదా,” అంది లోవలక్ష్మి.

“నువ్వనకపోతే నేననేవాణ్ణి.”

అతను ఆమెని ఊరడించడానికే అన్నాడు. కానీ ఆ మాట ఆమెకి ఏనాడూ ఊరట కాలేదు. పెరట్లో కూర్చున్న మనిషిని నావ మీద ఉన్నాడని చెప్పింది తన నోరే.

* * *

లోవలక్ష్మి పట్టుబట్టి తీసుకెళ్ళిన ఆసుపత్రిలో డాక్టరమ్మ అతని మోచేతి దగ్గర నరాన్ని వేళ్ళతో తడిమి చూసింది. అతని కళ్ళు మూయించి పెన్ను కొసతో అరచెయ్యంతా తాకి, తెలిసినప్పుడల్లా చెప్పమంది. గదిలో చాలాసేపు ఎవరి మాటా వినబడలేదు. రోగానికి మందుందనీ, ఏడాది పాటు మానకుండా మాత్రలు వేసుకుంటే పూర్తిగా పోతుందనీ, ఇంట్లోవాళ్ళు భయపడక్కర్లేదనీ ఓపిగ్గా చెప్పింది. లోవలక్ష్మినీ మరిడమ్మనీ కూడా పరీక్ష చేసి, ఏమీ లేదంది.

“చెయ్యి సంగతండి?” అని అడిగింది లోవలక్ష్మి.

“పోయిన స్పర్శ వస్తుందని చెప్పలేనండి. మూడేళ్ళ కిందట వచ్చి ఉంటే…” అని ఆగిపోయింది ఆవిడ.

“చూపుడు వేలు ఒక్కటైనా అండి.”

డాక్టరమ్మ చీటీ రాస్తున్నది తలెత్తి చూసి, మళ్ళీ రాసుకుంది. వేడివి పట్టుకునేటప్పుడు, తాడు లాగేటప్పుడు చేతికి గుడ్డ చుట్టుకోమని, రోజూ సాయంత్రం చేతులు రెండూ వెలుగులో పెట్టి దెబ్బలున్నాయేమో కంటితో చూసుకోమని చెప్పింది.

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడు వీరాస్వామి. సగం దారి వచ్చాక, “అయితే చేప ఏ ఎరనీ కాదనలేదన్నమాట,” అన్నాడు.

“ఒక్కదాన్నీ కాదనలేదు.”

“నీ చెయ్యి చచ్చిందన్నాను.”

“అన్నావు.”

ఆ తర్వాత ఊరు వచ్చేదాకా అతను కిటికీ వైపు నుంచి మొహం తిప్పలేదు.

మాత్రలకి ఒళ్ళు నల్లబడింది. ఇక దాచినా దాగలేదు. పేటలో ఎవరూ ఏమీ అనలేదు గానీ, పుంజు ఈకలు రావడం మానేశాయి. ఇదివరకు పిలిచి ఇచ్చేవాళ్ళు ఇప్పుడు కోడిని కోసి ఈకలు గుంటలో కప్పేశారు. ఒకనాడు బుల్లబ్బాయి సంచీ నిండా ఈకలు తెచ్చి అరుగు మీద పెట్టాడు, మా పుంజువి అని. వాళ్ళింట్లో పుంజు లేదని అందరికీ తెలుసు. తను వీరాస్వామి పక్కనే కూర్చుని, అతని గ్లాసులోంచే టీ తాగాడు. ఈసారి ఒక్క వేళాకోళమూ ఆడలేదు. లాకు తలుపని పేరెట్టింది నేనే కదన్నా, అన్నాడు లేచేటప్పుడు. బాగానే ఎట్టావులేరా, అన్నాడు వీరాస్వామి.

నీలవేణిని వాళ్ళు పుట్టింటికి తోలెయ్యలేదు. పుట్టింటికి పంపడం మానేశారు. పండక్కి రాలేదు. కడుపుతో ఉందన్న కబురు కూడా తాళ్ళరేవు నుంచి చేపలకొచ్చిన మనిషి చెప్తేనే తెలిసింది.

గాలం చూరులోకి ఎక్కింది. కాపలా పనికి రాజు గారి మనుషులు మళ్ళీ కబురు పెట్టలేదు. వీరాస్వామి అరుగు మీద కూర్చుని సాయంత్రాలు ఆకాశం చూసేవాడు. ఈ పూట డేగ వేస్తే పడుతుంది, అనేవాడు ఎవరితోనో అన్నట్టు. మూడు నెలలు ఆ మాటలు విని విని, ఒక రోజు లోవలక్ష్మి గాలం దించి దారం దులిపింది. నేను పట్టుకుంటాను, నువ్వు తెడ్డెయ్యి అంది. అతను తల్లి వైపు చూశాడు. ఈ రేవులో గాలం పట్టిన ఆడదాన్ని నేను చూళ్ళేదు, అంది మరిడమ్మ. అయినా, పట్టకూడదని కూడా ఎవరూ చెప్పలేదు, అంది.

నేర్పడం తేలిక కాలేదు. ఎరని ఎలా ఆడించాలో చెప్పగలిగాడు. ఎక్కడ విసరాలో, ఎప్పుడు ఆపాలో చెప్పగలిగాడు. ఎప్పుడు లాగాలో మాత్రం మాటల్లో పెట్టలేకపోయాడు. తెలుస్తుందే, అనేవాడు. ఆమెకి తెలిసేది కాదు. రొయ్య తగిలినా లాగేది, ఆకు తగిలినా లాగేది. చేప వస్తే మాత్రం ఆలస్యమయ్యేది. అతను వెనక గుడ్డలు చుట్టిన చేతులతో తెడ్డు పట్టుకుని, చప్పుడు వినబడగానే, పోయింది అనేవాడు మెల్లగా. అలా ఎన్నో రాత్రులు.

మాత్రలు పూర్తయిన నెలలో, మరుసటి ఏడు కార్తీకం చీకట్లలోనే, ఒక రాత్రి పోటు తిరిగే వేళకి నెమలిని తీసి ఆమె చేతిలో పెట్టాడు. చీకటి రాత్రి, కాకి కదా వెయ్యాలంది ఆమె. నీళ్ళు ముందే తేటబడ్డాయి, ఈ పూట చిన్నదే నమ్ముతుందన్నాడు. విసిరింది. రెండు బారలు కూడా రాకుండానే వేలి కొసన ఏదో జిల్లుమంది. చప్పుడు తర్వాత వినబడింది. అప్పటికే చెయ్యి తనంతట తను లాగేసింది.

దారం వేళ్ళ మధ్య నుంచి గుంజుకుపోతోంది. అతను చెప్పినట్టే వదిలింది, పట్టింది, వదిలింది. పెద్ద చేప. చెట్టు వైపు పోకుండా అతను తెడ్డుతో నావని అడ్డం తిప్పాడు. కాస్త నెమ్మదించాక, తెడ్డు లోపల పెట్టి ఆమె పక్కకి పాకుతూ వచ్చాడు.

“ఎలా తెలిసిందే?” అన్నాడు.

ఆమె ఆలోచించింది. మగ్గం మీద జరీ పోగు పుటుక్కున తెగితే నేతగాడి వేలికి తెలుస్తుందట, అలాగ, అంది. అతను తల అడ్డంగా ఊపాడు. అలాక్కాదు, అన్నాడు. మరెలాగ మావా, నీకెలా ఉండేది? అని అడిగింది. అతను చెప్పబోయి నోరు తెరిచాడు.

“మర్చిపోయానే,” అన్నాడు.

తర్వాత గుడ్డ చుట్టిన చూపుడు వేలు చాచి, ఆమె చేతికి ముందు, బిగిసిన దారం కింద పెట్టాడు. ఆమె దారాన్ని కొంచెం దించి అతని వేలి మీద ఆనించింది.

“లాగుతోందా?” అని అడిగాడు.

“లాగుతోంది మావా.”

ఎదురుగా నల్లటి నీళ్ళలో ఎక్కడో చేప తల విదిల్చింది. వేలి మీద గుడ్డ వణికింది. సంచి కింద నుంచి వచ్చే చార వెలుగులో అతను దాన్నే చూస్తూ కూర్చున్నాడు.